కన్సోల్ మార్పు సాధనాలు: కాపలా ఎంత, స్వేచ్ఛ ఎంత?

గేమ్ కన్సోళ్లలో సొంత మార్పులు చేసుకునే సాధనాల గురించి అందిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాము. పంపినవారిలో అలాంటి సాధనాలు రాసేవారు ఉన్నారు, వాటిని వాడి చేతులు కాల్చుకున్నవారు ఉన్నారు, ఇంకా మొదలుపెట్టనివారూ ఉన్నారు. పైరసీకి దారి అడిగిన ఉత్తరాలను మాత్రం పక్కన పెట్టాము.

ప్రశ్న: తీరిక వేళల్లో ఒక హ్యాండ్‌హెల్డ్ కన్సోల్ కోసం ఫైల్ మేనేజర్ రాస్తున్నాను. అందులో సిస్టమ్ పార్టిషన్లు (యంత్రాన్ని నడిపే ఫైళ్లుండే భాగాలు) కనిపించాలా, వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. చూపిస్తే తెలియనివారు ఏదో ఒకటి తుడిచేసి యంత్రాన్ని బ్రిక్ చేసుకుంటారు, అంటే ఇక ఆన్ కాని ఇటుకలా మార్చుకుంటారు. దాచేస్తే తెలిసినవారు ఈ సాధనం దేనికీ పనికిరాదని తీసిపారేస్తారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు ప్రశ్నను చూపడమా, దాచడమా అని రెండు మాటల్లో పెట్టారు గానీ ఫైల్ మేనేజర్ చేసే పనులు మూడు: చూపడం, కాపీ తీయడం, రాయడం. మొదటి రెండింటివల్ల యంత్రం ఆన్ కాకుండా పోయే ప్రమాదం లేదు. పైగా సిస్టమ్ భాగాలను చూపని సాధనంతో వాటి బ్యాకప్ కూడా తీయలేము కాబట్టి, భద్రత పేరుతో వాటిని దాచిపెడితే తెలియనివారికి అందరికన్నా ఎక్కువగా అవసరమయ్యే రక్షణనే మీరు తీసేసినట్టవుతుంది. కనుక అన్నిటినీ చూపండి, అన్నిటినీ కాపీ చేసుకోనివ్వండి, రాసే అధికారాన్ని మాత్రం మొదట మూసి ఉంచండి. వీ యూ కన్సోల్‌లో అరోమా అనే మార్పుతో కలిపి వాడే ఎఫ్‌టీపీ సర్వర్ ప్లగిన్ ఇంకాస్త కఠినంగా ఉంటుంది. సిస్టమ్ ఫైళ్లను అందుబాటులోకి తెచ్చే ఎంపిక అందులో విడిగా ఉంటుంది, ముందుగా అది ఆఫ్‌లో ఉంటుంది. నెట్‌వర్క్ మీదుగా మరో కంప్యూటర్ నుంచి ఫైళ్లను లాగి పడేసే సాధనం కాబట్టి అంత జాగ్రత్త అక్కడ సబబే. మీ సాధనం కన్సోల్ తెర మీదే నడుస్తుంది గనుక మీకు అంత అవసరం లేదని నా అభిప్రాయం.

రాసే అధికారాన్ని ఎలా తెరవాలన్న విషయంలో నింటెండో 3డీఎస్‌కు వచ్చిన గాడ్‌మోడ్9 అనే సాధనాన్ని శ్రద్ధగా పరిశీలించండి. పేరుకు తగ్గట్టే ఆ యంత్రపు నిల్వచిప్ అయిన నాండ్‌లో అది చేరలేని మూల దాదాపు లేదు. అయినా మొదట తెరిచినప్పుడు ప్రమాదకరమైన చోట్ల ఒక్క అక్షరం కూడా రాయనివ్వదు. ఎస్‌డీ కార్డులోని మామూలు ఫైళ్ల జోలికి వెళితే పెద్దగా అడ్డు చెప్పదు; సిస్టమ్ భాగంలోకి వెళ్లేసరికి అనుమతి కావాలంటుంది, ఆ అనుమతి కోసం తెర మీద చూపిన వరుసలో బటన్లు నొక్కమంటుంది. ప్రమాదం స్థాయిని బట్టి ఆ హెచ్చరిక రంగు, నొక్కవలసిన వరుస మారుతాయి. పని ముగిశాక, తెరిచిన అనుమతులను మళ్లీ మూసేయమంటారా అని తానే అడుగుతుంది. ఆ చివరి ప్రశ్న నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. తలుపు తెరిచేటప్పుడు మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటాడు. తెరిచిన సంగతి మరిచిపోయి వేరే పనిలో పడ్డప్పుడే చేయి జారుతుంది.

మెట్లు కట్టడం సులువే, ఏ పనిని ఏ మెట్టు మీద పెట్టాలన్నదే కష్టం. ‘సిస్టమ్ ఫైలు’, ‘ముఖ్యమైన ఫైలు’ అన్న పేర్లను బట్టి విభజించకండి. ప్రతి పని గురించీ, ఇది చెడితే వెనక్కి రావడానికి ఏం కావాలి అని అడగండి. మళ్లీ కాపీ చేస్తే సరిపోయేది ఒక రకం. యంత్రం ఇంకా ఆన్ అవుతూ, బ్యాకప్ నుంచి నాండ్‌ను తిరిగి నింపుకోగలిగితే అది మరో రకం. యంత్రాన్ని విప్పి చిప్‌కు తీగలు అతికించి బయటి నుంచి రాయవలసి వస్తే అది ఇంకో రకం. ఆ ఒక్క యంత్రానికే ప్రత్యేకమైన కీలు, కాలిబ్రేషన్ సమాచారం వంటివి కాపీ లేకుండా పోతే, తయారీ సంస్థ తప్ప ఎవరూ తిరిగి ఇవ్వలేనిది చివరి రకం. ఒక థీమ్ ఫైలు పేరుకు సిస్టమ్ పార్టిషన్‌లోనే ఉండవచ్చు, అయినా అది మొదటి రకానికి దగ్గరగా ఉంటుంది. నాలుగైదు వందల బైట్ల చిన్న ఫైలు ఏ పేరూ ఊరూ లేకుండా పడి ఉండి చివరి రకానికి చెందవచ్చు. మీ సాధనం అడిగే అనుమతి బరువు ఈ వెనుదారి పొడవును బట్టి ఉండాలి.

అనుమతి అడిగే ముందు సాధనం తానే తెలుసుకోగలిగినదంతా తెలుసుకోవాలి. ఇక్కడే చాలామంది రచయితలు బద్ధకిస్తారు. వీ కన్సోల్‌లో ఐఓఎస్ అన్న పేరుతో (ఫోన్లలోని దానితో దీనికి సంబంధం లేదు) సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ముక్కలు పదుల సంఖ్యలో ఉండేవి; ఒక్కో ఆట తనకు కావలసిన సంఖ్య గల ఐఓఎస్ మీద నడిచేది. సిస్టమ్ మెనూ కూడా అంతే: 4.2 వెర్షన్ ఐఓఎస్70 మీద, 4.3 వెర్షన్ ఐఓఎస్80 మీద ఆధారపడేవి. ఏ టైటిల్‌నైనా (ఆటనో, సిస్టమ్ ముక్కనో) తుడిచేయనిచ్చే సాధనాలు ఆ రోజుల్లో చేతులు మారేవి. వాటిలో జాబితా ఉండేది, తుడిచే వీలు ఉండేది, ఫలానా ముక్క లేకపోతే మెనూయే రాదన్న సంగతి మాత్రం ఉండేది కాదు. చోటు ఖాళీ చేద్దామనుకున్నవాడు ఆ ఒక్కదాన్ని తుడిచేస్తే మరుసటిసారి యంత్రం మెనూ దాకా రాదు. మెనూకు ఏ ఐఓఎస్ కావాలో ఆ మెనూ వివరాల ఫైలులోనే రాసి ఉంటుంది. సాధనం దాన్ని చదివి, ‘మీ మెనూ దీని మీదే నడుస్తోంది, దీన్ని తుడిస్తే కన్సోల్ ఆన్ కాదు’ అని చెప్పి ఉండవచ్చు. అలా చెప్పినా తుడవాలనుకునేవాడి అధికారం ఏమాత్రం తగ్గేది కాదు.

అలాగే రాయబోయే ఫైలు పరిమాణం ఆ చోటికి సరిపోతుందా, ఫైలు పూర్తిగా దిగిందా, దాని హ్యాష్ (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య) సరిపోతోందా, అది ఈ మోడల్‌కూ ఈ రీజియన్‌కూ (యంత్రాన్ని ఏ ప్రాంతం కోసం తయారుచేశారో అది) చెందినదేనా, బ్యాటరీ మధ్యలో అయిపోయే స్థితిలో లేదు కదా అన్నవన్నీ రాయడానికి ముందే చూసుకోవాలి; రాసిన తరువాత తిరిగి చదివి పోల్చుకోవాలి. వీటిలో ఏది విఫలమైనా ఒకేలా స్పందించకండి. సగం దిగిన ఫైలును నాండ్‌లో రాయవలసిన సందర్భం ఎవరికీ ఉండదు, దాన్ని నిరాకరిస్తే స్వేచ్ఛకు భంగం ఏమీ లేదు. రీజియన్ వేరుగా ఉంటే మాత్రం నిరాకరించకండి. యంత్రపు రీజియన్ మార్చుకోవడం అన్నదే ఒక న్యాయమైన కోరిక, ఆ పనిని పై మెట్టు మీద పెడితే చాలు.

ఇంకొక్క మాట. మీ సాధనం మొదటిసారి తెరుచుకున్నప్పుడు ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్ ఉందో లేదో చూసి, లేకపోతే ఇప్పుడే తీయమంటారా అని అడిగేలా చేయండి. గాడ్‌మోడ్9 ఆ పనీ చేస్తుంది. బ్యాకప్ తీయండి అని సహాయ పత్రంలో పది చోట్ల రాసినదానికంటే ఇది ఎక్కువ మందిని కాపాడుతుంది.

ప్రశ్న: ఏ సాధనం తెరిచినా, ‘ఇది మీ యంత్రాన్ని పాడుచేయవచ్చు’ అన్న మాటే కనిపిస్తుంది. చదవడం ఎప్పుడో మానేశాను, చెయ్యి దానంతటదే ‘సరే’ నొక్కేస్తుంది. తప్పు నాదా, వారిదా?

జవాబు: ఎక్కువ పాలు వారిదే. అన్నిటికీ ఒకే హెచ్చరిక ఉంటే దేనికీ హెచ్చరిక లేనట్టే లెక్క. ప్లేస్టేషన్ వీటాకు 2016లో వచ్చిన హెన్‌కాకు అనే మార్పు సాధనం విషయంలో దీన్ని బాగా చూడవచ్చు. దాని రచయితలు హోమ్‌బ్రూ ప్రోగ్రాములను (తయారీ సంస్థ అనుమతి లేకుండా ఔత్సాహికులు సొంతంగా రాసుకున్నవాటిని) రెండు రకాలుగా చూశారు: సాధారణ అనుమతులతో నడిచేవి, విస్తృత అనుమతులు కోరేవి. రెండో రకాన్ని నడపాలంటే సెట్టింగుల్లోకి వెళ్లి ‘అసురక్షిత హోమ్‌బ్రూ’ అన్న ఎంపికను వాడేవారే ఆన్ చేసుకోవాలి. ఆలోచన చక్కనిది, దానికి పెట్టిన పేరు కూడా నిజాయితీగానే ఉంది. అయితే ఎంతో ఉపయోగపడే, ఏ దురుద్దేశమూ లేని ప్రోగ్రాముల్లో చాలావాటికి ఆ విస్తృత అనుమతులే అవసరమయ్యాయి. వీటాషెల్ అనే ఫైల్ మేనేజర్‌తో అలాంటి ప్యాకేజీని ఎక్కించినప్పుడల్లా అదే హెచ్చరిక ప్రత్యక్షమయ్యేది. ఒక మామూలు వినియోగదారుడు ఆ ఎంపికను మొదటి వారంలోనే ఆన్ చేసి, మళ్లీ ఎప్పుడూ దాని ముఖం చూసి ఉండడు. రెండే గదులున్న ఇంట్లో ఒక గదికి తాళం వేస్తే ఆ తాళం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అనుమతులను ఇంకా సన్నగా, అంటే ఏ పార్టిషన్‌లో రాస్తుంది, సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్‌లోకి వెళుతుందా లేదా అన్నట్టుగా విడదీసి ఉంటే ఆ హెచ్చరికకు విలువ మిగిలేదని నాకు అనిపిస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ వీ కన్సోల్‌లో హోమ్‌బ్రూ చానల్‌ను ఎక్కించే హ్యాక్‌మీ ఇన్‌స్టాలర్. ఉచితంగా ఇచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ను కొందరు డబ్బుకు అమ్ముకుంటున్నారని, దీనికి మీరు డబ్బు చెల్లించి ఉంటే మోసపోయారని చెప్పే తెర మొదట వచ్చేది. ముందుకు వెళ్లేందుకు ఏ బటన్ నొక్కాలో వెంటనే చూపేది కాదు, కొంతసేపు ఆగిన తరువాతే ఆ మాట తెర మీదికి వచ్చేది. చాలామంది విసుక్కున్నారు, విసుక్కుంటూనే చదివారు. జీవితంలో ఒకసారి ఎక్కించే ప్రోగ్రామ్ కాబట్టి ఆ నిరీక్షణ చెల్లింది. రోజూ వాడే ఫైల్ మేనేజర్‌లో అదే పని చేస్తే రెండో రోజుకల్లా ఎవరో ఒకరు దాన్ని తీసేసిన కాపీని పంచుతారు.

ఇక మీ పాలు గురించి. హెచ్చరికలో ఒక ఫైలు పేరో, పార్టిషన్ పేరో, యంత్రానికి ఏమవుతుందన్న స్పష్టమైన మాటో ఉంటే అక్కడ ఆగండి. ఆ వాక్యాన్ని ఎవరో ప్రత్యేకంగా మీ కోసం రాశారు.

ప్రశ్న: కన్సోల్ నేను కొనుక్కున్నాను. తయారీ సంస్థ వేసిన తాళాన్ని తీయడానికే ఈ సాధనాలను ఆశ్రయించాను. ఇప్పుడు సాధనం రాసినవారు మళ్లీ నాకు అడ్డుగోడలు కడుతున్నారు. ఒక తాళం పోయి మరో తాళం వచ్చినట్టు లేదా?

జవాబు: తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. నింటెండో స్విచ్‌కు వాడే అట్మాస్ఫియర్ అనే కస్టమ్ ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్‌కు మార్చిన రూపం) మీ ఫిర్యాదుకు సరిపోయే పని ఒకటి చేస్తుంది: యంత్రపు నాండ్‌లో ప్రాడ్‌ఇన్ఫో అనే భాగంలోకి మామూలుగా ఎవరినీ రాయనివ్వదు. అడగకుండానే దాని బ్యాకప్‌ను ఎస్‌డీ కార్డులో పెడుతుంది కూడా. ఎందుకంటే ఆ భాగంలో ఆ యంత్రానికే చెందిన సర్టిఫికెట్లు, కాలిబ్రేషన్ విలువలు ఉంటాయి. మిగతా ఫర్మ్‌వేర్ అంతా పోయినా ఎక్కడినుంచైనా తెచ్చి నింపవచ్చు గానీ ఇది కాపీ లేకుండా పోతే ఇంకెక్కడా దొరకదు. అయినా ఆ తాళంచెవి మీ చేతిలోనే ఉంది. ఎస్‌డీ కార్డులోని ఒక సెట్టింగుల ఫైలులో ఒక విలువ మారిస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. ఏ పత్రాన్నీ చదవకుండా అక్కడిదాకా రావడం కష్టం కాబట్టి, ఆ ప్రయాణమే ఒక పరీక్షలా పనిచేస్తుంది. దీన్ని నేను గోడ అనను, గడప అంటాను.

ఫలానా పనిని చేసే వీలే పెట్టకుండా వదిలేసిన రచయిత సంగతి వేరు. తన తీరికను దేనికి ఖర్చు పెట్టాలన్నది అతని ఇష్టం. సోర్స్ కోడ్ బయట ఉన్నప్పుడు కావలసినవారు ఆ ముక్క రాసుకోవచ్చు. పైరసీకి తోడ్పడే వీలును కొందరు రచయితలు కావాలనే వదిలేస్తారు. దాన్ని భద్రత ఖాతాలో వేసి మాట్లాడడం మాత్రం సరి కాదు, అది వేరే చర్చ.

నిజంగా కోపం తెచ్చుకోవలసిన తాళాలు వేరే ఉన్నాయి. 3డీఎస్ కోసం అమ్ముడైన గేట్‌వే అనే ఫ్లాష్‌కార్డు (ఆటల కాపీలు నడిపే కార్డు) సాఫ్ట్‌వేర్‌లో, తమ సరుకుకు నకళ్లు వాడేవారి యంత్రాలను బ్రిక్ చేసే కోడ్ ఉన్నట్టు 2014లో బయటపడింది. 2018లో స్విచ్ కోసం డబ్బుకు అమ్మిన ఎస్ఎక్స్ ఓఎస్‌లోనూ, ఎవరైనా తమ కోడ్‌లో వేలుపెడితే యంత్రపు నిల్వచిప్‌కు పాస్‌వర్డ్ వేసి మూసేసే భాగం ఉందని పరిశోధకులు కనిపెట్టారు. రెండూ డబ్బు తీసుకుని అమ్మినవే. అంతకు ముందు, 2005లో, సోనీ చేతి కన్సోల్ పీఎస్‌పీ ఫర్మ్‌వేర్‌ను పాత వెర్షన్‌కు దించే సాధనమని చెప్పుకుంటూ ఒక ప్రోగ్రామ్ వచ్చింది. నడిపితే కీలకమైన సిస్టమ్ ఫైళ్లను తుడిచేసేది. యాంటీవైరస్ సంస్థలు దానికి ట్రోజన్ అని పేరు పెట్టవలసి వచ్చింది. అడుగడుగునా అనుమతి అడిగే సాధనం మీద మీకు వచ్చిన విసుగులో సగమైనా, కోడ్ చూపకుండా నమ్మమనే సాధనం మీద రావాలి.

ప్రశ్న: పీఎస్‌పీ రోజుల్లో ఫర్మ్‌వేర్‌ను ఎడాపెడా మార్చేవాళ్లం, ఎవరూ ఇంత భయపెట్టలేదు. కొన్ని కన్సోళ్ల సాధనాలు అంత ఉదారంగా, కొన్ని ఇంత పిసినారిగా ఎందుకుంటాయి?

జవాబు: మీ జ్ఞాపకం 2007 తరువాతి కాలానిది అయి ఉంటుంది. అంతకు ముందు పీఎస్‌పీలో ఫ్లాష్ (లోపలి నిల్వచిప్) రాస్తూ బ్రిక్ చేసుకున్నవారు కుమిలిపోయినవారే. ఆ ఏడాది పండోరా బ్యాటరీ వచ్చింది. బ్యాటరీలోని క్రమసంఖ్యను ఒక ప్రత్యేక విలువకు మారిస్తే, పీఎస్‌పీ తన అంతర్గత ఫ్లాష్‌ను పక్కన పెట్టి, తగిన విధంగా తయారుచేసిన మెమరీ స్టిక్ నుంచి సర్వీస్ మోడ్‌లో మొదలయ్యేది. లోపల ఉన్నదంతా పాడైనా బయటి నుంచి లేపవచ్చన్న ధైర్యం వచ్చాక సాధనాలు రాసేవారూ, వాడేవారూ ఇద్దరూ జంకు విడిచారు. ఆ తరువాతి హార్డ్‌వేర్‌లో, ముఖ్యంగా 3000 మోడల్‌లో, ఆ దారి మూసుకుపోయింది. వాటి విషయంలో జాగ్రత్తలు మళ్లీ పెరిగాయి. వెనుదారి ఎంత ఖాయంగా ఉందన్నదే ఉదారతకు కొలత.

వీ కన్సోల్‌లో ఈ తేడా ఒకే మోడల్ లోపల కనిపించేది. 2009లో వచ్చిన బూట్‌మీ అనే సాధనాన్ని పాత యంత్రాల్లో బూట్2 అనే దశలో ఎక్కించవచ్చు, అంటే సిస్టమ్ మెనూ కన్నా ముందే అది నిద్ర లేస్తుంది. మెనూ మొత్తం పోయినా ఎస్‌డీ కార్డులోని 512 మెగాబైట్ల నాండ్ బ్యాకప్‌ను తిరిగి రాసుకోవచ్చు. కొత్త యంత్రాల్లో దానికి ముందున్న బూట్1లోని లోపాన్ని సరిచేశారు, ఆ దశను సాఫ్ట్‌వేర్‌తో మార్చడం కుదరదు; కాబట్టి అక్కడ బూట్‌మీ ఒక ఐఓఎస్‌గా మాత్రమే ఎక్కేది. పేరు అదే, తెర అదే, కానీ మెనూ దాకా యంత్రం రాకపోతే దాన్ని తెరవడమే కుదరదు. రెండు యంత్రాలకూ ఒకే స్థాయి హెచ్చరిక ఇచ్చే సాధనం ఇద్దరిలో ఒకరికి అబద్ధం చెబుతున్నట్టే.

పక్కదారి పడుతున్నానని తెలిసినా ఒకటి చెప్పాలి. అదే 2009 సెప్టెంబరులో నింటెండో ఇచ్చిన 4.2 అప్‌డేట్ కూడా బూట్2ను తిరగరాసింది, ఆ క్రమంలో ఏ మార్పూ చేయని కొన్ని యంత్రాలు కూడా బ్రిక్ అయ్యాయి. మొదటి దశలో వేలుపెట్టడం ఎవరు చేసినా ప్రమాదమే. అధికారిక ముద్ర ఉన్నంత మాత్రాన ఫ్లాష్‌చిప్ కరుణించదు.

స్విచ్ విషయానికి వస్తే, 2018 ఏప్రిల్‌లో వెల్లడైన ఫ్యూజే జెలే లోపం చిప్‌లోని బూట్‌రోమ్‌లో (ఆన్ కాగానే మొదట నడిచే కోడ్‌లో) ఉంది. తయారయ్యాక బూట్‌రోమ్‌ను అప్‌డేట్‌తో సరిచేయలేరు కాబట్టి, ఆ తొలి యంత్రాల్లో నాండ్ ఖాళీ అయినా యూఎస్‌బీ ద్వారా రికవరీ మోడ్‌లో లేపవచ్చు. 3డీఎస్‌కు 2017లో ఇలాంటి అభయమే దొరికింది. వీ యూకు ఆ అదృష్టం చాలాకాలం పట్టలేదు. ఆన్ కాగానే హోమ్‌బ్రూ నడిచేలా పాత డీఎస్ కన్సోల్ ఆట ఒకదాన్ని ఆసరాగా చేసుకునే పద్ధతి ఒకటి అక్కడ ఉండేది. ఆ ఆటను తరువాత ఎవరైనా తుడిచినా, వేరే డ్రైవ్‌కు తరలించినా యంత్రం ఇక లేచేది కాదు. పైకి అది మెనూలోని మామూలు ఆటలాగే కనిపించేది. ఇంట్లో పిల్లవాడు చోటు కోసం తీసేయగల వస్తువు మీద యంత్రం ప్రాణం పెట్టడం, ఎన్ని హెచ్చరికలు రాసినా, రూపకల్పనలోనే లోపం. 2022లో యూడీపీఐహెచ్ అనే యూఎస్‌బీ లోపం దొరికాక గానీ అలా పడిపోయిన యంత్రాల్లో చాలావాటికి విప్పకుండా వైద్యం చేసే దారి రాలేదు.

ప్రశ్న: నా నాండ్ బ్యాకప్ పోయింది. మిత్రుడి దగ్గర అదే మోడల్ ఉంది, అతని బ్యాకప్‌ను నా యంత్రంలో రాసుకోవచ్చా?

జవాబు: వద్దు. నాండ్‌లోని సమాచారం ఆ యంత్రపు చిప్‌లో చెక్కిన ప్రత్యేక కీలతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. మిత్రుడి నాండ్ మీ యంత్రానికి అర్థం కాని రాతలా ఉంటుంది, అది ఆన్ కాదు. ఇప్పుడు యంత్రం పనిచేస్తున్నట్టయితే ఈ రోజే మీ సొంత బ్యాకప్ తీసి, కార్డులో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి ఉంచండి. దాన్ని సహాయం కోసమైనా సరే ఎవరికీ పంపకండి; అందులో మీ యంత్రపు గుర్తింపు ఉంటుంది, అది పరుల చేతికి వెళితే ఆన్‌లైన్ సేవల్లో నిషేధం పడేది మీ యంత్రానికి.

ప్రశ్న: ఈ గొడవంతా లేకుండా తయారీ సంస్థలే పూర్తి అధికారం ఇవ్వవచ్చు కదా?

జవాబు: కొందరు ఇచ్చారు, ఇచ్చి వెనక్కి తీసుకున్నవారూ ఉన్నారు. ప్లేస్టేషన్ 3లో అదర్ఓఎస్ అనే సదుపాయంతో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకునే వీలుండేది; హైపర్‌వైజర్ అనే కాపలాదారు పైన కూర్చుని గ్రాఫిక్స్ చిప్‌ను పూర్తిగా వాడనిచ్చేవాడు కాదు. 2010 జనవరిలో ఒక హ్యాకర్ ఆ కాపలాను ఛేదించానని ప్రకటించాడు. ఏప్రిల్ 1న వచ్చిన 3.21 ఫర్మ్‌వేర్‌తో, భద్రతే కారణంగా చూపి, సోనీ ఆ సదుపాయాన్నే తీసేసింది. ఆ ఏడాది డిసెంబరులో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో బృందం యంత్రపు భద్రతను పునాదుల దాకా తవ్వి చూపించింది. లినక్స్ నడుపుకునే దారి ఉన్నంతకాలం ఆ యంత్రం జోలికి గట్టిగా ఎవరూ పోలేదన్నది వారి వాదన. ఆ వాదనలో కొంత స్వోత్కర్ష ఉండవచ్చు గానీ, నేర్పుగల చేతులకు న్యాయమైన పని చూపించడం కూడా ఒక రక్షణే అన్నమాట మాత్రం నిజం.

ఎక్స్‌బాక్స్ వన్‌లో 2016 నుంచి డెవలపర్ మోడ్ ఉంది. సొంత ప్రోగ్రాములు అక్కడ నడుస్తాయి, కొన్న ఆటలు మామూలు మోడ్‌లోనే నడుస్తాయి, రెండింటి మధ్య గోడ ఉంటుంది. హోమ్‌బ్రూ ఎమ్యులేటర్ (పాత యంత్రాల ఆటలను నడిపే ప్రోగ్రామ్) కావాలనుకునేవాడికి ఇది చాలు. యంత్రపు లోతులు చూడాలనుకునేవాడికి చాలదు, ఎందుకంటే సొంత ప్రోగ్రాము కూడా అక్కడ ఒక పెట్టెలోనే ఉంటుంది.

నాకు అన్నిటికన్నా సమంజసంగా తోచినది 2022లో వచ్చిన స్టీమ్ డెక్ పద్ధతి. అందులోని సిస్టమ్ భాగం మొదట రీడ్-ఓన్లీగా ఉంటుంది, ఒక్క ఆజ్ఞతో దాన్ని రాయదగినదిగా మార్చుకోవచ్చు. సిస్టమ్ రెండు ప్రతులుగా ఉంటుంది కాబట్టి ఒకటి పాడైతే రెండోదాని నుంచి మొదలుపెట్టవచ్చు. అన్నీ పాడైతే సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించే రికవరీ ఇమేజ్‌ను తయారీ సంస్థే అందరికీ అందుబాటులో ఉంచింది. మీరు చేసిన మార్పులను తరువాతి అప్‌డేట్ తుడిచేయవచ్చన్నదే అక్కడ చెల్లించే మూల్యం. అందులో ఎవరినీ భయపెట్టే తెరలు లేవు. వెనుదారిని ముందే కట్టి, చేతికి ఇచ్చాక భయపెట్టవలసిన అవసరం వారికి రాలేదు. మొదటి ప్రశ్న పంపిన ఫైల్ మేనేజర్ రచయిత దీన్ని కూడా ఒకసారి చూడాలని కోరుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. పాత కన్సోల్‌లో ఏవో మార్పులు చేసుకుంటానంటున్నాడు. చేయనివ్వవచ్చా?

జవాబు: చేయనివ్వండి, అయితే ఆ కన్సోల్ ఇంట్లో ఇంకెవరూ ఆడుకోనిది, ఆన్‌లైన్ ఖాతాలో డబ్బు పెట్టి కొన్న ఆటలు లేనిది అయి ఉండాలి. వాడబోయే సాధనం పేరు, అది ఎక్కడి నుంచి దించుకుంటున్నాడు, దాని సోర్స్ కోడ్ బయట ఉందా అన్నవి ముందు మీకు చూపమనండి. దాని కోసం ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే ఆపండి. బ్యాకప్ తీశాక, ఆ ఫైలును వేరే చోట భద్రపరిచానని మీకు చూపించి, యంత్రం ఆన్ కాకపోతే ఏ క్రమంలో దాన్ని తిరిగి రాస్తాడో మీకు నోటితో చెప్పాలి. అందులో తడబడితే ఆ రోజుకు వాయిదా వేయించండి.